మూడు బీమాలు, ఒక ముక్కు

మా గరివిడిలో ఫొటో స్టూడియోకి వెళ్తే మెడ పట్టేసేదాకా తల తిప్పిస్తారు. ఆ ఓపిక నాకుంటే ఈ ఉత్తరం రాసే పని ఉండేది కాదు.

మా ఇంట్లో మూడు నల్ల కుక్కలు, ఒకే ఈతలో పుట్టినవి. నిరుడు మూడింటికీ విడివిడిగా బీమా చేయించాను. కుక్క ముక్కు మీది గీతలు మన వేలిముద్రల్లాంటివట, గుర్తింపు కోసం ఒక్కోదాని ముక్కు దగ్గరగా ఫొటో తీసి పంపమన్నారు. మూడింట్లో రాజుగాడు ఒక్కడే కదలకుండా కూర్చున్నాడు. మూడుసార్లూ వాడి ముక్కే పంపి, తెలివైన పని చేశాననుకున్నాను.

ఈ వేసవిలో ఆ మూడింట్లో చిన్నోడి కడుపులో గడ్డ తేలింది. వెంటనే ఆపరేషన్ చెయ్యాలన్నారు డాక్టరు. వాడి ముక్కు ఫొటో పంపి, బీమావాళ్ల అనుమతి కోసం మూడు రోజులు ఆగాను. ముక్కు సరిపోలేదని జవాబు వచ్చేసరికి చిన్నోడు లేడు.

పెరట్లో గొయ్యి పూడుస్తుంటే అమ్మ అడిగింది: "ముగ్గుర్ని పెంచి, ఒక్కడి మొకమే సూసినావేటిరా?"