అంకయ్యకు వచ్చిన ఆడవాళ్ళ జబ్బు

గుంటూరు మిర్చియార్డులో మిరపకాయల బస్తాలు మోసే ఒక ముఠాకు అంకయ్య మేస్త్రి. ఆయన పిలిస్తే రెండు షెడ్ల అవతల లారీ డ్రైవరు కూడా ఉలిక్కిపడి లేచేవాడు. ఎండలు మొదలవగానే విప్పిన చొక్కా మళ్ళీ వానలు పడితే గాని తొడిగేవాడు కాదు. యాభై దాటినా తన ఛాతీ అంటే ఆయనకు తగని మురిపెం. ఆదివారం చర్చికి వెళ్ళేటప్పుడు మాత్రం భార్య లిడియా చొక్కా తొడిగించి మెడ దాకా బొత్తాలు పెట్టేది. ప్రార్థన అయ్యేవరకూ ఆయన ఉక్కిరిబిక్కిరవుతూ కూర్చునేవాడు.

ఒక ఏడాది యార్డు సీజనులో ఎడమ చనుమొన కింద చిన్న గడ్డ చేతికి తగిలింది. నొప్పి లేదు. బస్తా ఎత్తేటప్పుడు ఒరుసుకుని కాయ కాసి ఉంటుందనుకున్నాడు. నొప్పి లేనిది జబ్బెలా అవుతుందని ఆయన వాదన.

ఆ రోజుల్లోనే చర్చిలో స్త్రీల కూటానికి ఒక నర్సమ్మ వచ్చి రొమ్ము క్యాన్సర్ గురించి చెప్పింది. గట్టిగా తగిలే గడ్డ, లోపలికి పీక్కుపోయిన చనుమొన, ఇవి కనిపిస్తే ఆలస్యం చేయొద్దంది. లిడియా ఇంటికొచ్చేసరికి అంకయ్య మంచం మీద చొక్కా లేకుండా కూర్చుని మజ్జిగ తాగుతున్నాడు. ఆమె గుమ్మంలోనే ఆగిపోయి ఆయన ఛాతీ వంక చూసింది. ఎడమ పక్క చనుమొన లోపలికి పోయి ఉంది. దగ్గరికొచ్చి తడిమితే దాని కింద గట్టిగా గడ్డ తగిలింది.

సంగతి విని అంకయ్య పొలమారేలా నవ్వాడు. "అది ఆడోళ్ళకొచ్చేదే. నేనేమన్నా పిల్లలకి పాలిచ్చానా?"

"నువ్వు ఇవ్వలా. గడ్డ మాత్రం నీకే ఉంది గదయ్యా," అంది లిడియా.

ఆయన మజ్జిగ గ్లాసు పక్కన పెట్టి గడ్డ తడుముకున్నాడు. మర్నాడే ఇద్దరూ ఆసుపత్రికి వెళ్ళారు. ఆ గది ముందు బల్లల నిండా ఆడవాళ్ళే. లోపలి నుంచి వచ్చిన అమ్మాయి లిడియాను రమ్మంటే, అంకయ్య ఎంతో మర్యాదగా పక్కకు జరిగి భార్యకు దారి ఇచ్చాడు. లిడియా ఆయన్ని రెక్క పట్టుకుని ముందుకు తోసింది. బల్లల మీది ఆడవాళ్ళంతా తలలు తిప్పి చూశారు. ఆ అమ్మాయి తడబడి, ఇంకాస్త సమయం పడుతుందని చెప్పి లోపలికి వెళ్ళిపోయింది. ఒక ముసలామె తన పక్కన చోటు చేసి, "కూర్చో నాయనా, మాకూ ఓ మగదిక్కు దొరికింది," అంది. అంకయ్య బల్ల అంచున ఒదిగి కూర్చుని, చొక్కా బొత్తాలు తనంతట తనే మెడ దాకా పెట్టుకున్నాడు.

ఫొటో తీసే మిషను పలకల మధ్య ఆయన ఛాతీ ఇరికించడానికి ఆ అమ్మాయి నానా తంటాలు పడింది. అంత ఛాతీ పెట్టుకుని అక్కడ మాత్రం చాలకుండా పోవడం ఆయనకు భలే అవమానమనిపించింది.

సూది పరీక్షలో క్యాన్సరని తేలింది. డాక్టరు మాధురి గారు ఇద్దర్నీ కూర్చోబెట్టి చెప్పారు. మగవాళ్ళకూ కాస్త రొమ్ము కండ ఉంటుందట. ఈ జబ్బు వచ్చేవాళ్ళలో మగవాళ్ళు నూటికి ఒక్కరుంటే ఎక్కువట.

"మరి బతుకుతానా అండీ?" అని అడిగాడు అంకయ్య. గొంతు లిడియాకే సరిగా వినపడలేదు.

"పెందలాడే వస్తే ఆడవాళ్ళకెంత బాగా నయమవుతుందో మీకూ అంతే. మగవాళ్ళు నమ్మరు, సిగ్గుపడతారు, ముదిరాక వస్తారు. అదీ చిక్కు. మీది ఇంకా ముదర్లేదు. మిమ్మల్ని తీసుకొచ్చినావిడకి దణ్ణం పెట్టుకోండి," అన్నారావిడ.

ఆపరేషన్లో ఎడమ రొమ్ము, చంకలో బిళ్ళ కట్టే గ్రంథులు కొన్ని తీసేశారు. ఆ చేత్తో బరువులు ఎత్తొద్దన్నారు. రోజుకొక మాత్ర, ఏళ్ళ తరబడి వేసుకోవాలన్నారు. అన్నిటికీ ఒప్పుకున్నాడు గాని, యార్డులో నిజం చెప్పడానికి మాత్రం ఒప్పుకోలేదు. హెర్నియా ఆపరేషనని చెప్పించాడు. ముఠాలో ప్రాణస్నేహితుడు సుభానీ రోజూ చూడటానికి వచ్చి, పొత్తికడుపు ఎలా కాపాడుకోవాలో గంటసేపు బోధించేవాడు. అంకయ్య మూలిగినప్పుడల్లా చెయ్యి ఛాతీ మీదికి వెళ్ళేది. లిడియా కళ్ళెర్రజేస్తే మెల్లగా కిందికి దించుకునేవాడు.

తర్వాత చేసిన నెత్తురు పరీక్షలో ఇది ఆయన వంశంలో వచ్చే రకమని తెలిసింది. తోబుట్టువులుంటే వెంటనే చూపించుకోమని చెప్పాలన్నారు మాధురి గారు. అంకయ్యకూ లిడియాకూ పిల్లల్లేరు. ఉన్నది వేటపాలెంలో చెల్లెలు పున్నమ్మ, జీడిపప్పు ఫ్యాక్టరీలో పని చేస్తుంది. ఆమెకు కూడా హెర్నియా అనే చెప్పి ఉన్నాడాయె. ఆ మాట నువ్వు చెప్పమని లిడియాను బతిమాలాడు. నీ చెల్లెలికి నువ్వే చెప్పుకోమందామె.

రైలెక్కి వేటపాలెం వెళ్ళారు. అంకయ్య వానల గురించి మాట్లాడాడు, మిర్చి ధర గురించి మాట్లాడాడు, రెండుసార్లు కాఫీ తాగాడు. చివరికి కళ్ళు మూసుకుని ఒక్క గుక్కలో చెప్పేశాడు. అన్న ఎప్పటిలాగే వేళాకోళమాడుతున్నాడనుకుని పున్నమ్మ పకపకా నవ్వింది. ఆయన చొక్కా బొత్తాలు విప్పాడు. అడ్డంగా ఉన్న కుట్ల మచ్చ చూసి ఆమె నవ్వు ఆగిపోయింది. చీర కొంగు వేలికి చుట్టుకుంటూ మెల్లగా అంది.

"నాకూ ఉందన్నాయ్. దసరా ముందు నుంచీ. ఇది ఎవరితో చెప్పుకోను?"

"మగాణ్ణి, నేనే చెప్పుకున్నా గదే," అన్నాడు అంకయ్య. ఆ మాట అంటుండగానే ఆయనకు ఏడుపొచ్చింది.

మర్నాడు ముగ్గురూ గుంటూరు రైలెక్కారు. ఆసుపత్రి బల్ల మీద అంకయ్యే చెల్లెలికి చోటు చేసి, ఏ గదిలో ఏం చేస్తారో పాత కాపులా వివరించాడు. ఆమె గడ్డ కూడా చేయిదాటిపోలేదు. ఆపరేషను చేశారు, ఇంజక్షన్లు ఇచ్చారు. జుట్టు రాలిపోయి మళ్ళీ ఉంగరాలు తిరిగి వచ్చింది. అదే తనకు బాగుందని పున్నమ్మ ఇప్పటికీ మురిసిపోతుంది.

అన్నాచెల్లెళ్ళిద్దరికీ మాత్రలతో ఒకటే బాధ, ఉన్నట్టుండి ఒంట్లోంచి సెగలు. "నాకు ఇప్పుడే వచ్చింది, నీకు?" అని ఫోన్లో వాకబు చేసుకుంటారు. నెలసరి ఆగిపోయిన కొత్తలో తాను ఫ్యాను కింద నిలబడితే ఎగతాళి చేసిన మొగుడు ఇప్పుడు విసనకర్ర వదలకపోవడం చూసి లిడియా తిరిగి ఎగతాళి చెయ్యదు. కరెంటు పోయినప్పుడు తనే విసురుతుంది.

చెల్లెలికి చెప్పాక ఇక యార్డులో దాయడం ఆయనకే సిగ్గనిపించింది. మధ్యాహ్నం అన్నాల వేళ ముఠా మొత్తాన్నీ పోగేసి, చొక్కా విప్పి మచ్చ చూపించి, అందర్నీ తడిమి చూసుకోమన్నాడు. అంతమంది మగవాళ్ళు అన్నం ముందు పెట్టుకుని బిక్కమొహాలతో ఛాతీలు తడుముకున్నారు. ఎవరికీ ఏమీ లేదు. సుభానీ మాత్రం తన హెర్నియా సలహాలన్నీ వృథా చేసినందుకు వారం రోజులు మాట్లాడలేదు.

ఇది జరిగి నాలుగేళ్ళు దాటింది. అంకయ్య ఇప్పుడు బరువులు మోయడు, కాటా దగ్గర నిలబడి కేకలు వేస్తాడు. మొన్నటి పరీక్షల్లో ఇద్దరికీ ఏమీ లేదని చెప్పి, కనిపెట్టుకుని ఉండమని, మానకుండా వస్తూ ఉండమని అన్నారు మాధురి గారు. ఆ పరీక్షలకు పున్నమ్మ ఒంటరిగా రాలేదు. ఫ్యాక్టరీలో తన పక్కన కూర్చుని పప్పు ఒలిచే ఇద్దరు ఆడవాళ్ళను కూడా చూపించడానికి వెంటబెట్టుకొచ్చింది. వాళ్ళు బల్ల చివర ఒదిగి కూర్చుంటే అంకయ్య అందరికీ టీలు తేవడానికి కిందికి వెళ్ళాడు.