గ్రిఫిన్‌కి ఏడాదే గడువు

రాజమండ్రి నుంచి తిరుమలగిరిలోని ఈ అపార్ట్‌మెంటుకి వచ్చి చాలా ఏళ్లయింది. మా అమ్మాయి ఇక్కడే పుట్టి, ఇప్పుడు కాలేజీకి వెళుతోంది. అయినా మా అసోసియేషన్ ప్రెసిడెంటుగారికి నేనింకా కొత్తగా వచ్చినదాన్నే.

మొన్న వేసవిలో పొద్దున నిండిన నీళ్లు మధ్యాహ్నానికే అయిపోయేవి. సంపు పక్కన మట్టి ఎప్పుడూ తడిగా ఉండడం గమనించి, గోడ పగిలిందేమో చూడమని మీటింగులో చెప్పాను. ఆయన నవ్వారు.

"మీరు కొత్తోళ్లమ్మా, మీకెర్కలేదు. ఈడ ఎండాకాలం గిట్లనే ఉంటది."

అందరూ తలలూపి, ఇంకో ట్యాంకరు తెప్పించుకుందామని తేల్చేశారు.

కోపంగా మెట్లెక్కి వస్తుంటే ఎదురింటి టీచరమ్మ పిలిచి టీ ఇచ్చింది. ఆమె ఆంగ్లో ఇండియన్. మెట్టుగూడ రైల్వే క్వార్టర్లలో పెరిగి, ఇంగ్లీషు పాఠాలు చెప్పి రిటైరయింది. నా గోడు విని, నీలాంటివాళ్లకి పాత ఇంగ్లీషు మాట ఒకటుంది, గ్రిఫిన్ అంది. ఈస్టిండియా కంపెనీ కాలంలో కొత్తగా ఓడ దిగి, ఇక్కడి ఎండా, భాషా, పద్ధతులూ తెలియక తికమకపడే తెల్లవాళ్లని, ముందొచ్చిన తెల్లవాళ్లు అలా ఎగతాళి చేసేవారట.

ఆ మాట ఎలా పుట్టిందని అడిగాను. గద్ద తల, సింహం ఒళ్లు ఉండే కథల్లోని జంతువుదీ అదే పేరు, అటూ ఇటూ కానివాడని అలా పిలిచారేమో, కానీ కచ్చితంగా ఎవరూ తేల్చలేదు అంది. నాకు అదీ చిరాకే అనిపించింది. ఒక్క మాటతో మనిషిని పక్కకు నెట్టేస్తారు, ఆ మాట ఎక్కడిదో మాత్రం ఎవరికీ తెలియదు.

"ఏడాది గడిస్తే ఆ పేరు పోతుండె అంట," అంది టీచరమ్మ. "నీకే ఇంక పోతలేదు."

నాకు నవ్వు రాలేదు.

కొద్దిరోజులకే పార్కింగులో నీళ్లు నిలిచాయి. మేస్త్రీ వచ్చి తవ్వితే, సంపు గోడ పొడుగునా చీలి ఉంది. ఎవరన్నా ముందే చెప్తే బాగుండేదని ప్రెసిడెంటుగారు నిట్టూర్చారు.

"నేను చెప్పానండీ. అందరి ముందూ చెప్పాను," అన్నాను.

ఆయన నావైపు చూడకుండా, పని ఎప్పటికి అవుతుందని మేస్త్రీని అడిగారు.

గోడ బాగయింది. నీళ్లిప్పుడు రాత్రి దాకా సరిపోతున్నాయి. ఆ రోజు తలలూపినవాళ్లలో ఒక్కరూ నా దగ్గర ఆ సంగతి ఎత్తలేదు. లిఫ్టులో కలిస్తే పిల్లల చదువుల గురించి అడుగుతారు. పళ్లు బిగబట్టి జవాబు చెబుతుంటాను.