మా దాది కత్తెర వేసిన ఫేటియా

"దానికి కత్తెర పెట్టడానికి నీకు చేతులెట్ల వచ్చినయే?" అన్నాను నేను.

"పెట్టెల పడి ఉంటే ఎవరు చూస్తరు అవ్వా?" అంది నా మనవరాలు.

నిన్న పొద్దున మా ఇద్దరి మధ్య నడిచిన ఆఖరి మాటలు ఇవే. తర్వాత తను నాతో మాట్లాడలేదు, నేనూ పలకరించలేదు. నాకు సంతకం గీసేంత వరకే అక్షరాలు వచ్చు. అందుకే కాగితం, కలం పట్టుకుని రమ్మని తన తల్లితో చెప్పి పంపాను. వచ్చి, మూతి ముడుచుకుని కూర్చుంది. రాయి పిల్లా. నిన్ను తిట్టినా రాయి, మెచ్చుకున్నా రాయి.

జరిగింది ఇది. హాస్టల్ నుంచి సెలవులకు వచ్చిన ఈ పిల్ల, స్నేహితురాలి పెళ్లికని తయారై గడప దాటింది. మోకాళ్ల దగ్గర చినిగిన పాంటు, పైన నీలం జీన్సు కోటు. చినిగినవి కొనుక్కునే కాలం వచ్చిందని ఇదివరకే విన్నాను గనుక ఊరుకున్నాను. తను అటు తిరిగింది. కోటు వీపు మీద ఎండ పడి అద్దాలు భగ్గుమన్నాయి. ఆ అద్దాలు నాకు తెలుసు. ఆ గవ్వల వరస నాకు తెలుసు. అవి నా ఫేటియావి. ఫేటియా అంటే మా తండా ఆడవాళ్లు కట్టుకునే అద్దాల గాగరా. మా ఆయన పోయిన నాడు గాజులతో పాటు దాన్ని కూడా విప్పి పెట్టెలో పెట్టాను. చేతిలో ఉన్న చాట కింద పడింది, బియ్యం వాకిలంతా చిందాయి. ఏరుకోవాలని కూడా తోచలేదు.

నా చిన్నప్పుడు కూడా మా వాకిట్లో ఒకసారి ఇలాగే అందరికీ నోట మాట పడిపోయింది. గూడూరు అడవి అంచున మా తండా. మా ఇంట్లో మాట్లాడుకునేది మా భాష, నేను తెలుగులో చెప్తున్నాను. నాయినమ్మను మేము దాది అనేవాళ్లం. మా పెద్దన్నకు నెల్లికుదురు వైపు తండా నుంచి పిల్లను తెచ్చారు. ఆ వదినంటే నాకు ప్రాణం. నా జుట్టు దువ్వి, జడకు గవ్వలు కట్టి, పేలు ఎక్కువున్నాయని వెక్కిరిస్తూనే ముద్దు పెట్టుకునేది.

ఒకరోజు అన్నా వదినా మానుకోట అంగడికి పోయారు. పోయేటప్పుడు వదిన ఒంటి మీద ఫేటియా ఉంది. వచ్చేటప్పుడు చీర ఉంది. ఆకుపచ్చ చీర, మీద పసుపు పూలు. మా తండాలో అంతకు ముందు ఏ ఆడమనిషీ చీర కట్టలేదు. వాగు నుంచి నీళ్లు తెస్తున్న మా పెద్దమ్మ ఆమెను చూసి నిలబడిపోయింది. తల మీది కుండ ఒరిగి నీళ్లు కారుతున్నా సోయి లేదు.

"ఎవరే గీమె? బడి పంతులమ్మనా?" అంది చివరికి. ఇంకొకామె, "అద్దాలేమైనయే? అంగట్ల అమ్ముకున్నవా?" అంది. వదినను ఎవరైనా బలవంతం చేశారా, బస్సులో ఎవరైనా నవ్వారా అని మా అమ్మ ఆశగా అడిగింది. ఏదో ఒక కారణం దొరికితే క్షమించొచ్చని ఆమె ఆరాటం. వదిన తల అడ్డంగా ఊపింది.

"ఎవ్వలేమనలే. నాకు నచ్చింది, కట్టుకున్న. గంతే."

ఆపద వచ్చి బట్ట మార్చుకోవడం వేరు. నచ్చి మార్చుకోవడం! అలాంటి మాట ఒక కోడలి నోటి నుంచి మా వాళ్లు ఎన్నడూ వినలేదు. మా నాయిన అన్న, పెద్దబాపు, కర్ర నేలకేసి కొట్టి, "రేపు పొద్దుగాల దీన్ని పుట్టింటికి తోలుకపొండ్రి" అన్నాడు. అన్న నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు. నేను పరుగున పోయి వదిన కాళ్లు చుట్టుకున్నాను. కొత్త చీర బరబరా గీసుకుంది చెంపకు. రేపటి నుంచి నా జడ ఎవరు వేస్తారన్నదే నా ఏడుపు.

మా దాది అప్పటిదాకా మాట్లాడకుండా అరుగు మీద కూర్చుని చుట్ట కాలుస్తోంది. "జర ఆగుండ్రి" అంది. "పంపుదాం. పంపేముందు న్యాయంగ చూడాలె గద. అందరు మీ మీ పెళ్లి ఫేటియాలు తెండ్రి. అండ్ల అసలుది ఏదో తేలుద్దాం. దాని తీరుగ కట్టనోళ్లను పంపుదాం."

పెద్దబాపుకు ఆ మాట నచ్చింది. ఆడవాళ్లు ఉరుకులు పరుగుల మీద పోయి తెచ్చారు. మంచాలు వాకిట్లోకి లాగి వాటి మీద పరిచారు. నేను పుట్టి బుద్ధెరిగాక అన్ని ఫేటియాలు ఒక్కచోట చూడటం అదే. అంతవరకూ అన్నీ ఒకటే అనుకునేదాన్ని. ఏ రెండూ ఒకలా లేవు. ఒకదానికి పెద్ద అద్దాలు, ఒకదానికి చిన్నవి. ఒకదాని అంచుకు గవ్వలు, ఒకదానికి చిల్లుపెట్టిన పైసలు. చూస్తుండగానే అసలు తీర్పు పక్కకు పోయి, ఆడవాళ్లు ఒకరి బట్ట చూసి ఒకరు ముక్కు మీద వేలు వేసుకోవడం మొదలైంది.

"ఏందే, నీ అద్దాలు తాంబాళమంత ఉన్నయి! మొగోళ్లు గడ్డం గీసుకోవచ్చు."

"నీదేమన్న తక్కువనా? ఎండు మిరపకాయలు ఆరబోసినట్టుంది."

మా అమ్మ అంతటి నెమ్మదస్తురాలు కూడా, తన ఫేటియాను గొంగడి అన్నందుకు పక్కింటామె మీదికి లేచింది. అది చూసి నాకు ఏడుపు ఆగిపోయింది.

అప్పుడు దాది లోపలికి పోయి రెండు తెచ్చింది. ఒకటి తనది. ఇంకోటి వాళ్ల అత్తది. అత్త ఫేటియాకు ఒక్క అద్దం కూడా లేదు. ముతక ఎర్రబట్ట, దాని మీద దారం కుట్లు, నాలుగు గవ్వలు, అంతే.

"నేను అద్దాలు కుట్టుకున్న నాడు మా అత్త నా చేతి నీళ్లు ముట్టలే. మొగోళ్ల ముంగట మెరవనీకి కుట్టుకున్నవా అని అడిగింది. గిప్పుడు చెప్పుండ్రి, అసలుది ఏది? పంపుమంటె ఎవర్ని పంపాలె? నన్నా?"

దాదిని ఎవరైనా అంత మాట అన్నారంటేనే మాకు నమ్మశక్యం కాలేదు. దాది అంతటితో ఆగలేదు. మేకల వెంట్రుకలు కత్తిరించే కత్తెర అందుకుంది. తన పెళ్లి ఫేటియా అంచు పట్టుకుని కరకరా కోసింది. అమ్మ "అయ్యో" అంటూ చెయ్యి పట్టుకోబోయింది. పెద్దమ్మ కళ్లు మూసుకుంది. జానెడు ముక్క దాది చేతిలోకి వచ్చింది. అక్కడే కూర్చుని, వదిన చీర కొంగుకు ఆ ముక్కను కుట్టింది. ఆకుపచ్చ కొంగు మీద ఎర్ర అంచు, దాంట్లో అద్దాలు. పెద్దబాపు కాసేపు చూసి, కర్ర తీసుకుని మేకల దొడ్డి వైపు నడిచాడు. పుట్టింటి మాట మళ్లీ ఎత్తలేదు.

దారం తెంపి దాది తల ఎత్తింది. "పంపకుండ ఆపిన గని, పిల్లా, నాకు నీ చీర అసలు నచ్చలే. పచ్చగడ్డి మోపు నడిసొస్తున్నట్టుంది."

"మంచిదే దాదీ," అంది వదిన కళ్లు తుడుచుకుంటూ. "నచ్చితే నాకియ్యి అని అడుగుతుంటివి."

దాది నవ్విన నవ్వుకు చుట్ట కింద పడింది. ఆ తర్వాత అమ్మ కడదాకా ఫేటియానే కట్టింది, వదిన చీరలే కట్టింది. ఇద్దరూ ఒకరి బట్టను ఒకరు తిట్టుకుంటూనే కలిసి నీళ్లకు పోయేవారు. కోసిన చోట దాది ఎర్రగుడ్డతో మాసిక వేసుకుంది. ఆ ఫేటియానే నా పెళ్లికి నాకు పెట్టింది. ఆ మాసిక మీద నా చెయ్యి ఎన్నిసార్లు పడిందో. ముండమోసిన ఆడదానికి అద్దాలెందుకని దాచాను. దాచాక మళ్లీ తెరిచి చూడలేదు.

ఈ పొద్దున తెరిచాను. ఎంత కోసిందో, ఎంత మిగిలిందో చూద్దామని గుండె రాయి చేసుకుని తెరిచాను. దాది వేసిన ఎర్ర మాసిక ఎక్కడ అయిపోయిందో, సరిగ్గా అక్కడి నుంచే ఈ పిల్ల కత్తెర మొదలైంది. ఈ కథ నేను తనకు ఎన్నడూ చెప్పలేదు. ఆ కోత మీద వేలు పెట్టి తడిమాను. ఆ నాటి కరకర చప్పుడు మళ్లీ చెవిలో పడింది. మేమంతా అయ్యో అంటుంటే, దాది ఒక్కతే తల వంచుకుని కోసుకుంటూ పోవడం కళ్ల ముందుకొచ్చింది.

ఆ రోజు నుంచి నా దగ్గర మిగిలింది ఏమిటంటే, నచ్చలేదని మొహం మీద చెప్పి, మనిషిని మాత్రం ఇంట్లోనే ఉంచుకోవడం. నిన్న నేను మొదటి సగమే చేశాను.

అందుకని ఇది కూడా రాయి. నాకు ఆ కోటు నచ్చలేదు. చినిగిన పాంటు అంతకన్నా నచ్చలేదు. కుట్లయితే మరీ అన్యాయం, బస్తా మూతి కుట్టినట్టు కుట్టావు, రెండు అద్దాలు ఇవాళో రేపో ఊడతాయి. సూదీ ఎర్రదారం తెచ్చుకో, అద్దం చుట్టూ కుట్టు ఎలా తిప్పాలో చూపిస్తాను. తల ఎత్తు. కాగితం తడిస్తే అక్షరాలు అలుక్కుపోతాయి. రాయడం అయిందా? ఇగ మొదటి నుంచి చదువు బిడ్డా, నీ నోటితో వింటా.