మరకల బాబాయి ఒప్పుకోని మబ్బు

మరకల బాబాయికి ఏ ఫొటో చూపించినా నోట్లోంచి ఊడిపడే మొదటి మాట "మరక." కళ్ళజోడు నుదుటి మీదికి తోస్తాడు, ఫొటోని ముక్కుకి ఆనిస్తాడు, రెండు క్షణాలు ఊపిరి బిగబడతాడు. చూపించినవాళ్ళు ఆయన నోటివంకే చూస్తూ ఉండగా, కూరలో ఉప్పు తగ్గిందని చెప్పినంత తేలిగ్గా ఆ మాట అనేస్తాడు. అంతటితో ఊరుకున్నా బాగుండేది. "కెమెరా తిప్పి ఇంకోసారి తియ్యి" అని తోక కూడా తగిలిస్తాడు.

ముప్ఫైనాలుగేళ్ళు ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీసి రిటైరైన మనిషి. ఎప్పుడో ఒక పేషెంటుకి ఊపిరితిత్తిలో గుండ్రటి నీడ కనబడిందని ఇంటిల్లిపాదీ వరండాలో ఏడుపులు మొదలుపెడితే, బాబాయి ఆ పేషెంటుని పక్కకి తిప్పి మళ్ళీ తీసి, ఆ నీడ చొక్కా గుండీ అని తేల్చాడు. ఆ రోజు నుంచి ఆయనకి ఈ జబ్బు పట్టుకుంది. కూతురు నెల తప్పి, స్కాను కాగితం తెచ్చి మురిపెంగా చేతిలో పెడితే దానికీ అదే తీర్పు.

"నాన్నా! అది నీ మనవడో మనవరాలో!"

"అవ్వచ్చమ్మా, కాదనట్లేదు. ఇంకో వైపు నుంచి కూడా తీయమను."

కూతురు నాలుగు రోజులు తండ్రితో మాట్లాడలేదు. అల్లుడు మాత్రం వారం రోజులు నవ్వుతూనే ఉన్నాడు.

ఇలాంటి మనిషి వచ్చి వచ్చి ఆకాశం ఫొటోలు తీసే సంఘంలో చేరాడు. టైలరమ్మ కుట్టు దుకాణం పై గదిలో ప్రతి ఆదివారం ఉదయం ఐదారుగురు పోగయ్యేవాళ్ళు. పగలు ఎవరి పని వాళ్ళది. చీకటి పడితే మేడల మీద టెలిస్కోపులకి కెమెరాలు బిగించి, చుక్కల మధ్య పొగమబ్బుల్లా పరుచుకున్న నీహారికల్ని ఫొటోలు తీయడం వాళ్ళ పిచ్చి. చిక్కేమిటంటే, అద్దం మీద చిన్న దుమ్ముకణం ఉన్నా ఫొటోలో ఉంగరంలా పడుతుంది. పక్కనున్న పెద్ద చుక్క వెలుగు టెలిస్కోపు గొట్టంలో అటూ ఇటూ కొట్టుకున్నా లేత మబ్బు పుట్టుకొస్తుంది. కెమెరా తిప్పి తీసినప్పుడు ఆ మచ్చ చుక్కల్ని వదిలేసి వేరేచోట తేలిందా, అది దుమ్ము. అవే చుక్కల పక్కన అంటిపెట్టుకుని ఉందా, అప్పుడు ఆలోచించవచ్చు. కానీ బాబాయి ఆలోచించినట్టు ఎవరూ ఎరగరు.

లెక్కల మాస్టారు ఒకసారి రెక్క ఆకారంలో ఉన్న కొత్త నీహారికని కనిపెట్టి, ఫ్రేము కట్టించి మరీ తెచ్చాడు.

"మరక," అన్నాడు బాబాయి. "మాస్టారూ, ఇది మీ కనురెప్ప వెంట్రుక."

మాస్టారు గబుక్కున కన్ను తడుముకున్నాడు.

బస్సు డ్రైవరు ఏకంగా నాలుగు కాళ్ళ మృగాన్నే పట్టుకొచ్చాడు.

"కంప్యూటర్లో ఫొటోకి ఎన్నిసార్లు పదును పెట్టావు?"

"ఏడుసార్లు, బాబాయ్."

"ఎనిమిదోసారి కూడా పెట్టాల్సింది. తోక వచ్చేది."

అందరూ కడుపు పట్టుకుని నవ్వారు, డ్రైవరు తప్ప. టైలరమ్మ కూడా నవ్వింది. తన వంతు వచ్చేదాకా ఎవరికైనా నవ్వు బాగానే వస్తుంది.

ఆమె నాలుగు నెలలపాటు ఆకాశంలో ఒకే మూలని ఫొటోలు తీసి, అన్నిటినీ కలిపి చూస్తే, వరసగా ఉన్న మూడు చిన్న చుక్కల పక్కన దూదిపింజంత మబ్బు కనిపించింది. ఏ నీహారికల పట్టికలో వెతికినా అక్కడ ఏమీ లేదు. రోజంతా జాకెట్లకి గుండీలు కుట్టే మనిషి, ప్రపంచంలో ఎవరూ చూడనిది తాను చూసిందేమోనని ఆ రోజు అన్నం కూడా సరిగ్గా తినలేకపోయింది. ఒక కస్టమరు కోటుకి కుడి చెయ్యి తెచ్చి ఎడమవైపు కుట్టేసింది. పన్నెండు రోజులు ఎవరికీ చెప్పకుండా ఓర్చుకుని, ఆదివారం ఫొటో బల్ల మీద పెట్టింది.

కళ్ళజోడు నుదుటి మీదికి వెళ్ళింది. ఫొటో ముక్కుకి ఆనింది.

"మరక."

"కెమెరా తిప్పి కూడా తీశాను, బాబాయ్. అక్కడే ఉంది."

"అయితే టెలిస్కోపు కొంచెం పక్కకి జరిపి తియ్యి. పక్కన పెద్ద చుక్క ఉంది, దాని వెలుగు కావచ్చు."

జరిపి తీసింది. మబ్బు అక్కడే ఉంది. ఫిల్టరు మార్చమన్నాడు, మార్చింది. కెమెరానే మార్చమన్నాడు. మాస్టారి కెమెరా అడిగి తెచ్చుకుని మరీ తీసింది. ఐదో ఆదివారం కూడా ఆయన తల అడ్డంగా ఊపేసరికి టైలరమ్మ ఒంటికాలి మీద లేచింది.

"మీ నోటికి ఒక్కసారైనా అవునన్న మాట రాదా? ఇంకేం మార్చమంటారు, ఆకాశాన్నా?"

బాబాయి కళ్ళజోడు కిందికి దించుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. తర్వాత రెండు ఆదివారాలు రానేలేదు.

టైలరమ్మ ఆ కోపంలోనే కొత్త నీహారికల పట్టిక రాసే పెద్దలకి ఫొటో పంపేసింది. పది రోజులకి జవాబు వచ్చింది. 'పక్కనున్న పెద్ద చుక్క వెలుగు అయ్యుండవచ్చు. వేరొకరు వేరే టెలిస్కోపుతో తీసిన ఫొటోలు ఉంటే తప్ప చేర్చుకోలేము.' నాలుగు నెలల కష్టం రెండు వాక్యాల్లో తేలిపోయింది. ఆమె దుకాణం మూసి, జవాబు కాగితం పట్టుకుని బాబాయి ఇంటికి బయలుదేరింది. మీరే గెలిచారని చెప్పి రావడానికో, ఇంకోసారి దెబ్బలాడటానికో ఆమెకే తెలియదు.

పిన్ని తలుపు తీసింది. ఉదయం పదకొండవుతోంది, లోపల్నుంచి గురక వినిపిస్తోంది.

"ఒంట్లో బాగాలేదా, పిన్నీ?"

"ఒళ్ళు బానే ఉంది, బుర్రే బాలేదు. పదహారు రాత్రుల నుంచి మేడ దిగితే ఒట్టు. నువ్వే రా, చూద్దువుగాని."

పక్క గది తలుపు తోసింది. గోడలనిండా ఫొటోలు. ఒక్కో గుంపు పైన కాగితం అంటించి ఉంది. 'మాస్టారి రెక్క: తొమ్మిది రాత్రులు.' తొమ్మిదింటిలోనూ వట్టి ఆకాశమే. 'డ్రైవరు మృగం: ఆరు రాత్రులు.' వట్టి ఆకాశమే. ఏళ్ళ తరబడి ఎవరు ఏం చూపించినా మరక అనేసి, ఇంటికొచ్చి అదే మూలకి సొంత టెలిస్కోపు తిప్పి వెతికాడన్నమాట. చివరి గోడ టైలరమ్మది. పదహారు ఫొటోలు. పదహారింటిలోనూ మూడు చుక్కల పక్కన దూదిపింజ.

వెనకాల చప్పుడైంది. లుంగీ సర్దుకుంటూ, దొంగతనం బయటపడ్డవాడి మొహంతో బాబాయి నిలబడి ఉన్నాడు.

"మరక అన్నాక మళ్ళీ ఎందుకు తీశారు, బాబాయ్?"

"మరక కాకపోతే బావుండునని." ఆయన గోడవైపు చూస్తూ అన్నాడు. "అందరివీ చూశానమ్మా. ఒక్కటైనా నిజమైతే బావుండునని చూశాను. ముందే అవునని, తర్వాత కాదని చెప్పాల్సొస్తే మీ మొహాలు చూడలేను."

"మరి నాకెందుకు చెప్పలేదు? ఇందులో పదహారున్నాయిగా!"

"పదిహేడోది తీసి చెబుదామని..."

"ఆయన మాట వింటే నువ్వు ముసలిదానివి అయిపోతావు," అంది పిన్ని. బల్ల సొరుగులోంచి ఒక కాగితం తీసింది. పట్టిక పెద్దలకి రాసిన నివేదిక. కనుక్కున్నవారు అన్నచోట టైలరమ్మ పేరు పెద్ద అక్షరాలతో రాసి ఉంది. సరిచూసినవారు అన్నచోట ఖాళీ. "సంతకం పెట్టడానికి వారంనుంచి పెన్ను తీస్తున్నాడు, మూత పెడుతున్నాడు." బాబాయి నోరు తెరిచేలోపు పిన్నే ఆయన పేరు చకచకా రాసేసి, టైలరమ్మ చేతిలో పెట్టింది. "వెళ్ళు, ఈయన మనసు మార్చుకునేలోపు పంపించెయ్."

రెండు నెలలకి మబ్బు పట్టికలో చేరింది.

ఆ కబురు తెలిసిన మర్నాడు దుకాణం తెరిచేసరికి బాబాయి ఇస్త్రీ చొక్కా వేసుకుని కింద మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. లోపలికి రమ్మంటే రాలేదు. కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళని, దారిన పోయేవాళ్ళని ఎవర్నీ వదలకుండా ఆపి, జేబులోంచి ఫొటో తీసి చూపిస్తున్నాడు. "మా అమ్మాయండీ. తనే కనిపెట్టింది," అంటున్న గొంతు దుకాణంలోకి వినిపిస్తోంది. టైలరమ్మ సిగ్గుపడి కుట్టుమిషను గట్టిగా తొక్కింది. కాసేపటికి మిషను ఆపేసి, సరిగ్గా వినబడటంలేదని లేచి వెళ్ళి కిటికీ తెరిచింది.