గద్వాల పిల్లికి వచ్చిన పేరు

మా ఇంటి పిల్లికి ఒకప్పుడు ఎంత పేరుండేదంటే, నాగర్‌కర్నూలు సంతలో నన్ను నా పేరుతో పిలిచేవాడు ఒక్కడూ లేడు. "పిల్లి చీరలాయన వచ్చిండు" అనేవారు. ఆ పేరు దానికి తెచ్చిపెట్టింది నేనే. ఆ పేరే మా అక్కను మింగిందని చెప్పడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది. చీరలు మానేశాక నవ్వించే రాతలు రాసి బతికినవాణ్ణి; ఈ సంగతిని ఎటు తిప్పి రాసినా నవ్వు రాలేదు.

గద్వాలలో మాది మగ్గాల ఇల్లు. అమ్మ మగ్గం నేసేది. మొగుడు పోయి పుట్టింటికి చేరిన అక్క పగలంతా నూలు కండెలు చుట్టేది. నేను చీరల మూట నెత్తిన పెట్టుకొని వనపర్తి, నాగర్‌కర్నూలు తిరిగి అమ్మేవాణ్ణి. గంజి పెట్టిన పడుగు నూలంటే ఎలుకలకు పెండ్లి భోజనం. అక్క ఒక బూడిదరంగు పిల్లిని తెచ్చి సాకిన తర్వాత మా పడుగు మీద పంటి గాటు పడలేదు. అది వారానికి ఒకటో రెండో ఎలుకలను పట్టి, తోక కూడా మిగల్చకుండా తిని, మగ్గం గుంటలో పండేది. ఇది అసలు సంగతి. నేను పుట్టి పడవలో కృష్ణ దాటేసరికి వారానికి రెండు కాస్తా రోజుకు ఐదయ్యేవి. గోపాల్‌పేట చేరేసరికి ఇరవై. నాగర్‌కర్నూలులో మూట దించేసరికి మా పిల్లి దున్నపోతంత పందికొక్కును మెడ పట్టి బజారు పొడుగునా ఈడ్చుకుపోయేది.

చీర కొననివాళ్లు కూడా కూర్చోబెట్టి మజ్జిగ పోసి కథ చెప్పించుకునేవారు. కొందరు బండి కట్టుకొని గద్వాల దాకా వచ్చి చూసిపోయారు. అది వాళ్లకు వీపు చూపి ఒళ్లు నాక్కునేది.

ఒక ఏడాది చలి మొదలైన రోజుల్లో, ఒక పొద్దున వాకిట్లో మూడు ఎలుకలు చచ్చి పడున్నాయి. పిల్లి పక్కన కూర్చుంది. మరునాడు ఆరు. మా దిక్కున ఎలుకలు వాటంతటవే రాలితే ఏం చేయాలో ఉయ్యాలలో పిల్లను అడిగినా చెప్పేది. ప్లేగు వచ్చినట్టు. ఊరు ఊరంతా ఇండ్లు విడిచి చేన్లలో గుడిసెలు వేసుకొని, అది పోయేదాకా అక్కడే ఉండాలి. ఇంకెవరింట్లో పడినా అలాగే చేసేవాళ్లం. పడింది మా ఇంట్లో. మా ఇంట్లో పేరుమోసిన పిల్లి ఉంది.

నేను వాటిని అరుగు మీద వరుసగా పేర్చి వీధిని పిలిచాను.

"జూడుండ్రి! ఒక్క పూటకు ఆరు! దీనికి సంస్థానంల నౌకరీ ఇయ్యాలె."

"నౌకరీ ఎందుకురా, ఇనాం భూమే రాయించు" అంది ఎదురింటి ముసలామె.

"పిల్లి భూమి దున్నుతదా అవ్వా?"

"నువ్వేమన్న మగ్గం నేస్తున్నవా ఏంది?"

వీధంతా నవ్వింది. చీపురు పట్టుకొని నిలబడ్డ అక్క మాత్రం నవ్వలేదు.

"తమ్మీ, ఇది ఒక్కదాన్ని గూడ తినలేదురా. గాటు లేదు, నెత్తురు లేదు."

"కడుపు నిండినంక ఏం తింటదక్కా? కొత్తల్లుని లెక్క ముట్టి ఇడిసిపెట్టింది."

"జర పెద్దమనుషులకు చెప్పి రారాదు? నాకెందుకో పరేషాన్‌గున్నది."

"చెప్తే నవ్వుతరు. మన పిల్లి ఇజ్జత్ పోతది."

అక్క నా మాట విన్నది. ఎలుకలను తోకలు పట్టి ఎత్తి తట్టలో వేసుకొని పెంటకుప్పలో పారేసి వచ్చింది. నాలుగు రోజులు ఆమే ఎత్తిపోసింది. ఆ నాలుగు రోజులూ నేను అరుగు మీద కూర్చొని పిల్లి ప్రతాపం చెబుతూనే ఉన్నాను.

ఐదోనాడు అక్కకు జ్వరం. పొద్దున గజ్జలో నొప్పి అంది. మాపటికి నిమ్మకాయంత గడ్డ. నేను దేన్నైనా గుమ్మడికాయంత చేసి చెప్పేవాణ్ణి. ఇది మాత్రం నిమ్మకాయంతే ఉంది. అదే చాలింది.

అదే రోజు పక్కింట్లో, వెనకింట్లో ఎలుకలు పడ్డాయి. ఆ ఇండ్లలో పిల్లులు లేవు. అప్పుడు పెద్దమనుషులు ఊరు విడవమని డప్పు కొట్టించారు. అక్కను మంచంతో సహా చేనికి మోసుకుపోయాం. బయలుదేరే ముందు చూస్తే పిల్లి మగ్గం గుంటలో చచ్చి బిగుసుకుపోయి ఉంది.

"పిల్లి ఏదిరా?" అంది అక్క దారిలో.

"ఎనకాల వస్తున్నదక్కా" అన్నాను.

అక్క గుడిసెలో మూడోనాడు పోయింది.

నెల తర్వాత, మేమింకా చేనులోనే ఉండగా, వనపర్తి బట్టల షావుకారు పలకరించడానికి వచ్చాడు.

"ఏమయ్యా, విన్నం. మీ పిల్లి ప్లేగును ముందుగాల పసిగట్టి, ఎలుకలన్నిటిని జంపి, ఊరినంత బయటికి తోలి, ఆఖరికి తాను సచ్చిందట గద!"

ఈ కథలో ఎలుకలను చంపడం వరకే నాది; మిగతాదంతా దారిలో దానంతటదే పెరిగింది.

"అది ఒక్క ఎలుకను గూడ సంపలె సేటూ. రోగమొచ్చి రాలినయి. నేనే పిల్లి మీద పెట్టి చెప్పిన. మా అక్క నన్ను నమ్మి వాటిని ఎత్తిపోసి సచ్చిపోయింది."

ఆయన నా భుజం తట్టాడు. "దుఃఖంల ఉన్నవు. నీకు కథ చెప్పొస్తలేదు. జర కోలుకో" అని లేచి వెళ్లిపోయాడు.

గుడిసె లోపలి నుంచి అమ్మ విన్నది. ఆమె నమ్మింది. ఆ రోజు నుంచి నాకు అన్నం పెట్టేది గానీ, తినేదాకా పక్కన కూర్చునేది కాదు.