మా అల్లుడి డొక్కు లాప్‌టాప్

రైల్వే స్టేషన్‌లో టిక్కెట్ల కిటికీ వెనక కూర్చుని తల పండించుకున్న మనిషిని నేను. అంతసేపు వరసలో నిలబడి, తీరా కిటికీ దగ్గరికి వచ్చాక "ఎక్కడికి?" అంటే బుర్ర గోక్కునే జనాన్ని చూసీ చూసీ నాకు మనుషుల్లో రెండే జాతులు కనిపిస్తాయి. ఊరి పేరు చెప్పేవాళ్ళు ఒక జాతి, బుర్ర గోక్కునేవాళ్ళు ఇంకో జాతి. మా అమ్మాయి ఏరికోరి ఆ రెండో జాతిలోంచే ఒకణ్ణి పట్టుకొచ్చింది.

పెళ్ళికి ముందు మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు, టీ తాగుతారా కాఫీ తాగుతారా అని అడిగాను. "ఏది సులువైతే అది" అన్నాడు. ఏది సులువో మళ్ళీ నేనే తేల్చాలన్నమాట. మంచినీళ్ళు తెచ్చి చేతిలో పెట్టాను. అది ఇంకా సులువు. తాగి, చాలా బాగున్నాయన్నాడు.

అతని వృత్తి ఇంకా కట్టని ఇళ్ళకి బొమ్మలు వెయ్యడం. బిల్డరు ప్లాను పంపిస్తాడు. ఇతగాడు కంప్యూటర్‌లో గోడలు లేపి, రంగులు పూసి, కిటికీలకి అద్దాలు బిగించి, అసలు ఇంటికన్నా అందంగా ఒక బొమ్మ చేసి పంపుతాడు. దాన్ని చూసి జనం ఇల్లు కొనుక్కుంటారు. తరువాత కట్టిన ఇంటికీ ఆ బొమ్మకీ పోలికలు వెతక్కూడదు. బొమ్మలో ఆకాశం ఎప్పుడూ నీలమే. తీగ మీద తడిబట్ట ఉండదు, గోడ మీద చెమ్మ ఉండదు. ఇంటి ముందు మాత్రం ఎర్ర సంచీ తగిలించుకుని ఒకావిడ నడుస్తూ ఉంటుంది. ఆవిడ ఎక్కడ దొరికిందో గానీ, ఇన్నేళ్ళుగా ప్రతి ఇంటి ముందూ ఆవిడనే నడిపిస్తున్నాడు. ఒక్క ఇంట్లోకీ వెళ్ళదు పాపం. ఆవిడ కూడా ఇంకా ఏమీ నిర్ణయించుకున్నట్టు లేదు.

గోడలూ రంగులూ అయ్యాక చివర ఒక బటన్ నొక్కాలి. అప్పుడు లాప్‌టాప్ తనలో తాను వెలుగూ నీడా లెక్కలు కట్టుకుని బొమ్మను తయారుచేస్తుంది. కొత్త యంత్రాలు ఈ పని చిటికెలో చేస్తాయట. మా అల్లుడి డొక్కుకి ఒక పూట పడుతుంది. అంతసేపూ దాన్ని ముట్టుకోకూడదు. ముట్టుకుంటే అలిగి ఆగిపోతుంది. వేడెక్కిపోతుందని దాని కింద రెండు గిన్నెలు బోర్లించి పెట్టాడు. ఇంట్లో ఉన్న ఒక్క టేబుల్ ఫ్యానూ దాని ముఖానికే. ఎండాకాలం మేమంతా చెమటలు కక్కుతూ కూర్చుంటే, అది హాయిగా గాలి తాగేది.

ఈలోగా బిల్డరు ఆఫీసు నుంచి ఫోను వచ్చేది, బొమ్మ ఏమైందని. "తిరుగుతోందండి" అనేవాడు. తెర మీద చిన్న చక్రం ఒకటి తిరుగుతుంది కాబట్టి ఆ మాట. అది తిరుగుతున్నంతసేపూ ఈయనగారు ఖాళీ.

దీన్ని వదిలించుకుని మంచి ఖరీదైన కొత్త లాప్‌టాప్ కొనాలా వద్దా అని అతను ఏడాది పైగా నిర్ణయిస్తూ వచ్చాడు. అదేదో దేశాలు పంచుకుంటున్నంత సీరియస్‌గా. గడ్డాలు పెంచుకున్న కుర్రాళ్ళు డబ్బా విప్పుతూ మురిసిపోయే వీడియోలు ఒక వంద చూశాడు. స్నేహితుడొకడు, కొత్త మోడల్ రాబోతోంది ఆగమన్నాడు. ఆగాడు. అది వచ్చాక, దీని తరువాతది ఇంకా బాగుంటుందట ఆగమన్నాడు. మళ్ళీ ఆగాడు. రక్తపరీక్షల ల్యాబులో పనిచేసే మా అమ్మాయి పొద్దున వెళ్తూ "ఇవాళైనా తేల్చండి" అనేది, సాయంత్రం వస్తూ "తేలిందా?" అనేది. నన్ను కూడా అడిగాడు. మార్చమన్నాను. "మార్చాలంటారా అత్తయ్యా" అన్నాడు. ఇప్పుడేగా చెప్పి చచ్చాను అనుకుని వంటింట్లోకి వెళ్ళిపోయాను.

ఇలా ఉండగా మనవరాలు స్కూలు మెట్ల మీద నుంచి పడి మోకాలు విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ చేశారు, కట్టు కట్టారు. కట్టు విప్పాక కాలు వంగలేదు. వారానికోసారి వచ్చే ఫిజియోథెరపీ అమ్మాయి సంగతి ఉన్నదున్నట్టు చెప్పింది. ఈ రెండు మూడు నెలల్లో ఎంత వంగితే అంతే. తరువాత కీలు అలాగే బిగుసుకుపోతుంది, పిల్ల కుంటుతుంది, లేదా మళ్ళీ కత్తి పెట్టాలి. పిల్లని మంచం మీద కూర్చోబెట్టి, మడమ కింద తువ్వాలు వేసి, పాదాన్ని కొంచెం కొంచెంగా వెనక్కి జరిపించాలి. తొందరపెడితే నొప్పికి కండ బిగిసిపోతుంది, ఇక ఆ పూటకి అంతే. రోజూ పొద్దునా, మధ్యాహ్నం, సాయంత్రం చేయించాలి.

నా చెయ్యి తువ్వాలు మీద పడగానే పిల్ల ఒళ్ళంతా కర్ర చేసుకునేది. కిటికీ వెనక కూర్చున్న మనిషికి అంత ఓర్పు ఎక్కణ్ణుంచి వస్తుంది? తల్లి ఇంటికి చేరేసరికి దాని ఒంట్లోనే ఓపిక ఉండేది కాదు. తండ్రి దగ్గర మాత్రం కాలు చాపేది. అతనికి తొందరంటే ఏమిటో తెలియదు కదా. ఎలాగూ చక్రం తిరుగుతోంది.

పాదం వెనక్కి జరిగిన ప్రతిసారీ ఒక అంతస్తు కట్టేవాడు.

"ఇది ఎవరి అంతస్తు?"

"ఏనుగుది."

"లిఫ్టులో పడుతుందా?"

"మెట్లెక్కుతుంది. దాని మోకాలు బాగానే ఉందిగా."

"సరే, దీని పైన?"

"అన్నీ చెప్పులే. మనుషులుండరు."

అలా పునాది లేదు, స్తంభాలు లేవు, పైకి మాత్రం లేస్తూనే ఉండేది. ఒక అంతస్తులో అందరూ నిద్రపోతుంటారు. ఒక అంతస్తులో తప్పిపోయిన పెన్సిళ్ళన్నీ ఉంటాయి. కూరలు తరుగుతూ వింటుంటే నాకు ఒళ్ళు మండేది. కడుతున్నది ఇల్లా, సంతా? పనీపాటా లేనివాడి కబుర్లు అనుకునేదాన్ని. మడమ మాత్రం వారం వారం వెనక్కి జరుగుతోంది. ఫిజియో అమ్మాయి కొలబద్ద పెట్టి చూసి, ఇలాగే కానివ్వండి అని వెళ్ళేది.

ఆ రోజుల్లోనే బిల్డరు ఇంటికి వచ్చాడు. సిమెంటుతో బతుకుతూ తెల్ల బూట్లు వేసుకునే మనిషి. అంటే కడుతున్న చోట అడుగు పెట్టడన్నమాట. వెనక డ్రైవరు ఒక డబ్బా పట్టుకుని ఉన్నాడు.

"ఎన్నాళ్ళయ్యా ఈ తిరుగుతోంది తిరుగుతోంది? ఇదిగో, దీన్ని మించింది ఇవాళ మార్కెట్లో లేదు. ఒక నెల వాడి చూడు. నచ్చితే ఉంచుకో, పనిలో సర్దుకుందాం. నచ్చకపోతే తెచ్చిచ్చెయ్" అన్నాడు.

మా అల్లుడు నావైపు చూశాడు. అతను నోరు తెరిచి ఆలోచిస్తానండి అనేలోపు నేనే డబ్బా అందుకున్నాను. పోనీలే, ఇతని బదులు ఎవరో ఒకరు నిర్ణయించారు అనుకున్నాను. కొత్త లాప్‌టాప్ అద్దంలా నున్నగా ఉంది. చప్పుడు లేదు, వేడి లేదు. చాలా కాలానికి ఫ్యాను మా ముఖాలకి తిరిగింది. మా అమ్మాయి ఆ సాయంత్రం దాన్ని రెండుసార్లు తుడిచింది.

ఇప్పుడు టీ మరిగేలోపు బొమ్మ వచ్చేస్తోంది. ఆ సంగతి తెల్ల బూట్లాయనకీ తెలిసిపోయింది. ఆకాశం సాయంకాలంలా మార్చి పంపు అన్నాడు. గోడ రంగు మార్చి ఇంకోటి, బాల్కనీలో పూలకుండీలు పెట్టి ఇంకోటి, అవి తీసేసి మరోటి. ఇదివరకు ఒక్క బొమ్మతో సరిపెట్టుకున్న మనిషికి ఇప్పుడు పది కావలసి వచ్చాయి. వాటిలో తొమ్మిది చూసి పారేస్తాడు. మా అల్లుడు కుర్చీకి అతుక్కుపోయాడు. పిల్ల మంచం మీద మడమ కింద తువ్వాలు వేసుకుని కూర్చునేది.

"నాన్నా."

"ఒక్క నిమిషం బంగారం."

ఆ నిమిషం భోజనాల దాకా సాగేది. ఒకరోజు పిల్ల నాతో చెప్పింది. "అమ్మమ్మా, నాన్న వాన అంతస్తు కట్టి వదిలేశాడు. పైన ఏమీ కట్టలేదు. కింద పెన్సిళ్ళు తడిసిపోతాయేమో." నేను తువ్వాలు పట్టుకున్నాను. పిల్ల కర్రలా బిగుసుకుంది. వదిలేశాను.

ఆ వారం ఫిజియో అమ్మాయి కొలిచి, మళ్ళీ కొలిచింది. "పోయినసారి కన్నా తగ్గిందండీ. ఎవరు చేయిస్తున్నారు?" అంది. మా అల్లుడు కాలిగోళ్ళు చూసుకున్నాడు.

ఆవిడ వెళ్ళగానే అతని పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"దీన్ని ఉంచుకుంటావా, ఇచ్చేస్తావా?"

"ఆలోచిస్తున్నాను అత్తయ్యా."

"దేని గురించి?"

"మిషన్ చాలా బాగుందండి. వంక పెట్టడానికేమీ లేదు."

"అయితే ఉంచుకో. పిల్లకి చేయించి, ఆయన బొమ్మలు రేపిస్తానని చెప్పు."

అతను కళ్ళజోడు తీసి చొక్కాకి తుడుచుకున్నాడు. "రేపెందుకని అడుగుతారు. ఇదివరకైతే మిషన్ మీదకి నెట్టేవాణ్ణి. ఇప్పుడు దేని మీదకి నెట్టను? చిటికెలో అవుతుందని ఆయనకి తెలుసు."

"పిల్ల కాలు వంగడం లేదని చెప్పు."

"చెప్పాను. ఎవరినైనా మనిషిని పెట్టుకోమన్నారు."

"నువ్వేమన్నావు?"

"చూస్తానండి అన్నాను."

అప్పుడు తట్టింది నాకు. ఏడాదిగా ఈ మనిషి లాప్‌టాప్ గురించి ఆలోచిస్తున్నాడని అందరం అనుకున్నాం. కుదరదు అని చెప్పే నోరు ఇతనికి లేదు. ఇన్నాళ్ళూ ఇతని బదులు ఆ డొక్కే కుదరదంటూ వచ్చింది. ఆ సంగతి ఇతనికి తెలుసు. అందుకే కొనకుండా నాన్చుకుంటూ వచ్చాడు. తెలిసి కూడా డబ్బా గుమ్మంలోకి వచ్చిన రోజున నావైపు చూశాడే గానీ, వద్దన్న రెండక్షరాలు అనలేకపోయాడు. జాలిపడదామనుకున్నాను గానీ కోపమే వచ్చింది. కన్నకూతురి కాలు పట్టుకోవడానికి కూడా ఒక పాత యంత్రం చాటు కావాలా మనిషికి?

"ఇంకో వారం చూద్దాం అత్తయ్యా" అన్నాడు.

నేను లేచి వైరు పీకేశాను. లాప్‌టాప్ మూసి, డబ్బాలో పెట్టి, చెప్పులు వేసుకున్నాను.

"ఏమని చెప్తారు?" అన్నాడు వెనక నుంచి.

"నీ గురించి నాకు తెలిసిందే చెప్తాను."

బిల్డరు ఆఫీసు గోడల నిండా మా అల్లుడి బొమ్మలే, పెద్దవి చేయించి అద్దాలు బిగించారు. ఎటు చూసినా ఎర్ర సంచీ ఆవిడ. తెల్ల బూట్లాయన నన్ను కూర్చోమనలేదు. అయినా కూర్చున్నాను.

"ఏమ్మా, నచ్చలేదా?"

"దానికేం బాబూ, బంగారంలా ఉంది. మా అల్లుడికే చేతకావడం లేదు."

"అదేంటి, టకటకా పంపుతున్నాడుగా."

"పంపుతున్నాడు. ఒక్కోటి ఎన్నిసార్లు చెడగొట్టి మళ్ళీ చేస్తున్నాడో మీకేం తెలుసు. చెయ్యి పాతదానికే అలవాటు పడింది. బుర్ర కూడా కాస్త నిదానం. ఇంత ఖరీదైన వస్తువు అతని ముందు పెడితే, ఏదో ఒకనాడు దీని మీదే నీళ్ళ గ్లాసు ఒంపుతాడు. తరువాత మీరూ మేమూ మాటా మాటా అనుకోవడం ఎందుకు?"

అని ఆగాను. అబ్బే, అలా అనకండమ్మా, మీ అల్లుడు పనిమంతుడు అంటాడేమోనని కాస్త జాగా వదిలాను. అతను పగలబడి నవ్వాడు.

"నేనూ అదే అనుకున్నానమ్మా. మనిషి బొత్తిగా మొద్దు. పోనీలెండి, పాతదాంట్లోనే ఏడవమనండి. ఏదో ఒకటి వస్తే చాలు."

నాకు ఒళ్ళు భగ్గుమంది. మా అల్లుణ్ణి మొద్దు అనే హక్కు నాకుంది. పెళ్ళినాటి నుంచీ భరించి సంపాదించుకున్నాను. వీడికి ఎవరిచ్చారు? వీడి గోడల మీద వెలుగుతున్న ఆకాశాలన్నీ ఎవరు వేసినవి? ఇరుకు గదులు కట్టి, ఆ మొద్దువాడి బొమ్మ చూపించి అమ్ముకుంటున్నాడు, వీడా మాట్లాడేది? ఇవన్నీ నాలుక చివరి దాకా వచ్చాయి. ఒక్కటి జారినా డబ్బా మళ్ళీ నా చేతిలో పెడతాడు. "అవును బాబూ, మొద్దే" అని చెప్పి లేచి వచ్చేశాను. నా జన్మలో అంత చేదు మాట మింగలేదు.

ఇంటికి వచ్చేసరికి మా అల్లుడు గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు.

"ఏమన్నారు?"

"నువ్వు మొద్దువని చెప్పాను. వెంటనే ఒప్పుకున్నాడు."

కాసేపు ఆలోచించాడు. దీనికి కూడా. "మరి బొమ్మలు ఆలస్యమైతే?" అన్నాడు.

"మొద్దువాడి దగ్గర ఆలస్యం కాక ఇంకేమవుతుంది?"

అతని కళ్ళు తడయ్యాయి. అవి చూడాల్సిన ఖర్మ నాకేమిటని మొహం తిప్పుకుని, పాత లాప్‌టాప్ తెచ్చి బోర్లించిన గిన్నెల మీద పెట్టాను. ఫ్యాను దానివైపు తిప్పాను. అతను దాన్ని తెరవనైనా లేదు, తిన్నగా మంచం దగ్గరికి వెళ్ళి తువ్వాలు పరిచాడు. పిల్ల కాలు చాపింది.

"వాన అంతస్తు పైన ఎవరిది?"

"అమ్మమ్మది. పెద్ద కిటికీ పెట్టు నాన్నా, అందులోంచి అందరినీ తిడుతుంది."

పాదం కొద్దిగా వెనక్కి జరిగింది. అప్పుడే ఫోను మోగింది. అతను అలవాటుగా లేవబోయాడు. కూర్చోమని కళ్ళెర్రజేసి నేనే తీశాను. బిల్డరు ఆఫీసు నుంచి, బొమ్మ ఏమైందని. లాప్‌టాప్ మూత మూసే ఉంది.

"తిరుగుతోందండి" అన్నాను.