పేర్లు ఒకటే, పాళ్ళు వేరు

నా చిన్నప్పుడు మా నాయన ఒక డబ్బాను బియ్యం బానలో దాచిపెట్టేవాడు. చిత్తూరు దగ్గర పల్లెటూరు మాది. ఇంట్లో దాచుకునేంత సొత్తు ఏమీ లేదు. అందుకే రోజూ పొద్దున అమ్మ పాలు పితకడానికి దొడ్లోకి వెళ్ళగానే నాయన మోచేతి దాకా బానలోకి చెయ్యి పెట్టి ఆ డబ్బా తీయడం, రెండు చెంచాల పొడి నోట్లో వేసుకుని నీళ్ళు తాగి మళ్ళీ బియ్యంలో పూడ్చేయడం నాకు భలే వింతగా ఉండేది. డబ్బా మీద పరుగెత్తే గుర్రం బొమ్మ, దాని కింద పెద్ద అక్షరాలతో ‘రక్త ప్రసరణకు, మగవారి శక్తికి’ అన్న మాటలు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. అందులో సిగ్గుపడాల్సింది ఏముందో తెలియదు. నాకు పెట్టకుండా తినే తీపి ఏదో అనుకుని లోలోపల అలిగేదాన్ని.

ఆ ఏడాది చెరుకు ఆడించి బెల్లం వండే రోజుల్లో నాయన బాగా నీరసించిపోయాడు. అరికాళ్ళు మొద్దుబారి, కాలినుంచి చెప్పు జారిపోయినా తెలిసేది కాదు. అంతకుముందే డాక్టరు బీపీకి రోజూ ఒక మాత్ర వేసుకోమన్నాడు. ఆ మాత్రలు తినీ తినీనే ఒంట్లో సత్తువ పోయిందని నాయన వాటిని మానేశాడు. సంతలో జీపు మీద మైకు పెట్టి అమ్మేవాడి మాటలు నమ్మి ఈ డబ్బా తెచ్చుకున్నాడు. పొడి పని చేయడం లేదనిపించినప్పుడల్లా ఇంకో అర చెంచా ఎక్కువ వేసుకునేవాడు. మగవాళ్ళ మొండితనానికి కొలత చెంచా ఎప్పుడూ చిన్నదే.

ఏటా ఒకసారి అలిపిరి నుంచి మెట్లెక్కి కొండకు పోవడం మా ఇంటి మొక్కు. ఆ ఏడాది తమ్ముడు ఇంకా అమ్మ ఒళ్ళో ఉన్నాడు కాబట్టి నాయనా నేనూ మాత్రమే బయలుదేరాం. ముందురోజే తిరుపతి చేరి మా మేనత్త ఇంట్లో దిగాం. ఆమె నాయనకు అక్క. మామ పోయాక ఇంటి ముందు గదిలో ఉన్న నాటుమందుల అంగడి ఆమే నడిపేది. గోడ నిండా చిన్న చిన్న చెక్క సొరుగులు, ఒక్కోదాంట్లో ఒక్కో వేరో, గింజో, బెరడో. ఆ గదిలోకి అడుగుపెడితే తుమ్ము రాకుండా ఉండేది కాదు.

కాళ్ళు కడుక్కోవడానికి చెంబుతో నీళ్ళిస్తూ అత్త నాయన పాదాల వైపు చూసింది. చీలమండలు ఉబ్బి, చెప్పు పట్టీ పడిన చోట లోతుగా గుంట పడి ఉంది.

“ఏమిరా, కాళ్ళిట్ల ఉబ్బుండాయి?” అంది.

“బస్సులో యాలాడేసుకోని కూసున్నాను గదక్కా. అదేం లేదులే,” అన్నాడు నాయన. తల నొప్పిగా ఉందని లోపలికి వెళ్ళి పడుకున్నాడు. తెల్లవారి మెట్లెక్కాలి కదా, కాస్త కునుకు తీస్తే సరిపోతుందన్నాడు.

తువ్వాలు తెమ్మని నన్ను పంపితే సంచిలో గుర్రం డబ్బా కనిపించింది. నాకు సంబరమేసింది. ఇన్నాళ్ళకు దాని గుట్టు తెలుసుకోవచ్చని నేరుగా అంగట్లోకి పట్టుకెళ్ళి, ఇది మీ అంగట్లోదేనా అని అత్తనే అడిగాను. అత్త ముందువైపు మాటలు చదివి గబుక్కున లోపలి గది తలుపు వైపు చూసింది. తర్వాత డబ్బా తిప్పి వెనక వైపు నా ముందు పెట్టింది. ఆ వైపు చీమల్లాంటి ఇంగ్లీషు అక్షరాలు. అత్తకు ఇంగ్లీషు రాదు.

“సదువు. ఒక్కో పేరూ నిదానంగా సదువు,” అంది.

నేను కూడబలుక్కుంటూ చదివాను. అశ్వగంధ అనగానే ఒక సొరుగు లాగి చిన్న వేరు ముక్క కాగితం మీద పెట్టింది. పెన్నేరుగడ్డ అంటారే, అదేనట. గోక్షుర అన్నాను. నవ్వి, “పల్లేరుకాయలమ్మా. మీ సేలో కాలికి గుచ్చుకుంటే ఏడస్తావే, అయ్యే,” అంది. శిలాజిత్ అనగానే నల్లటి తారు ముద్దలాంటిది చూపించింది. పేర్లన్నీ గొప్పగా ఉన్నాయి, వస్తువులన్నీ తెలిసినవే. నాకు ఆట బాగుంది. నాలుగో పేరు యష్టిమధు. అత్త సొరుగు మీద వేసిన చెయ్యి తీయలేదు.

“అది అతిమధురం,” అంది. దగ్గుకు నేను నమిలే తియ్యటి పుల్ల. “ఏది ఎంతెంత ఏసినారో రాసుండాదా, సూడు.”

డబ్బా చుట్టూ తిప్పి చూశాను. రాయలేదు. పేర్లే ఉన్నాయి. నాయన రోజుకు ఎంత తింటాడో, బీపీ మాత్ర వేసుకుంటున్నాడో లేదో అత్త అడిగింది. చెప్పు జారినా కాలికి తెలియదన్న సంగతితో సహా ఉన్నదున్నట్టు చెప్పేశాను. అత్త ముఖం వాడిపోయింది. దగ్గు వచ్చిన రోజు పుల్ల ముక్క నమిలితే ఏమీ కాదట. బీపీ ఉన్నవాళ్ళు నెలల తరబడి చెంచాలకు చెంచాలు తింటే ఒంట్లో నీరు చేరుతుందట, బీపీ ఇంకా పైకి పోతుందట. అలాంటి ఒంటితో మా నాయన తెల్లవారగానే కొండ మెట్లెక్కబోతున్నాడు. ఆ మాట విన్నాక నాకు ఆట మీద మనసు లేకపోయింది. నాయన మెట్ల మీద పడిపోయినట్టు కళ్ళకు కట్టి, ఏడుపు తన్నుకొచ్చింది.

అత్త నన్ను ఏడవనివ్వలేదు. వంటింట్లో రోటి దగ్గర కూర్చోబెట్టింది. ఆ డబ్బా గురించి తన తమ్ముణ్ణి ముఖాముఖి ఎలా అడగాలా అన్నది ఆమె బాధ. అక్క నోట ఆ మాట వస్తే నాయన తలెత్తుకోలేడు, మంచి చెప్పినా వినకుండా లేచిపోతాడు. అందుకని ఇద్దరం కలిసి పప్పుల పొడి దంచాం. వేయించిన పప్పులు, ఎండుమిరపకాయలు, తెల్లగడ్డలు, ఉప్పు. ఒక గిన్నెకు ఒకసారి, ఇంకో గిన్నెకు ఇంకోసారి.

మధ్యాహ్నం నాయన అన్నంలో మొదటి గిన్నెలోని పొడి, నెయ్యి కలుపుకుని ఇష్టంగా తిన్నాడు. రెండో గిన్నెలోది కలిపి ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడో లేదో, పెరట్లోకి పరుగెత్తి ఊసేసి వచ్చాడు.

“ఏమక్కా ఇది? ఏమేసినావు దీంట్లో?”

“దాంట్లో ఏసిందే దీంట్లోనూ ఏసినాను. పాపనడుగు. పేర్లు రాయమంటే రెండిటికీ ఒకే సీటీ. ఒక దాంట్లో ఉప్పు చిటికెడు, ఇంకోదాంట్లో గుప్పెడు. అంతే.”

అని, కొంగు చాటు నుంచి గుర్రం డబ్బా తీసి విస్తరి పక్కన పెట్టింది.

నాయన ముఖం ఎర్రబడింది. నా వైపు ఒక్క చూపు చూసి తల దించేసుకున్నాడు. ఆ చూపు నాకిప్పటికీ గుర్తే. “వేర్లూ ఆకులే గదక్కా, అయ్యేం సేస్తాయి?” అన్నాడు. అత్త అతని ముఖంలోకి చూడలేదు. ఎదుటి గోడకు వేలాడుతున్న చేట వైపు చూస్తూ నెమ్మదిగా మాట్లాడింది. “ఇన్నేండ్లుగా వేర్లూ ఆకులే అమ్ముతుండాను నేను. వాటికి బలం లేకపోతే ఎవురూ కొనరు గదా. బలం ఉండేది సెడుపు గూడా సేస్తాది. కాళ్ళెప్పటి నుంచి మొద్దుబారినాయి నాయనా?”

ఆమె తన వైపు చూడకపోవడం వల్లే కాబోలు, నాయన జవాబు చెప్పాడు. కాళ్ళ గురించి, నీరసం గురించి, ఇంకా నాకు అప్పుడు అర్థం కాని ఏవేవో చెప్పాడు. మధ్యలో అత్త నన్ను నీళ్ళు తెమ్మని పంపేసింది. నేను తిరిగొచ్చేసరికి నాయన తువ్వాలుతో కళ్ళు తుడుచుకుంటున్నాడు. ఉప్పు వల్ల అనుకున్నాను.

సాయంత్రం అత్తే దగ్గరుండి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. తనకు పేర్లు తెలుసు గానీ జబ్బులు తేల్చడం తన పని కాదని దారి పొడుగునా అంటూనే ఉంది. డాక్టరు బీపీ రెండుసార్లు చూసి, మెట్ల మాట ఎత్తవద్దన్నాడు. పొడి ఆపమన్నాడు, మాత్ర మళ్ళీ మొదలుపెట్టమన్నాడు. మర్నాడు నెత్తురు పరీక్షలో చక్కెర జబ్బు బయటపడింది. మొద్దుబారిన పాదాలకూ నీరసానికీ అసలు మూలం అదేనట. గుర్రం బొమ్మ వెనక అది ఎన్నాళ్ళుగా దాక్కుని ఉందో. ఆ ఏడు మొక్కు తీరలేదు. పై ఏడు నాయన మధ్య మధ్య కూర్చుంటూ, నా భుజం పట్టుకుని కొండెక్కాడు.

అప్పటి నుంచి ఇంట్లోకి ఏ మందు వచ్చినా ముందు నా చేతికి ఇచ్చి, “పాపా, ఎంతని రాసుండాదో సూడు,” అనేవాడు. డబ్బా గుట్టు బయటపెట్టినందుకు ఒక్కనాడూ నన్ను కోప్పడలేదు. అది నాయన నాకు ఇచ్చిన మర్యాదగా తోస్తుంది.

మొన్న తమ్ముడి ఇంటికి వెళ్ళాను. ఆనాడు అమ్మ ఒళ్ళో ఉన్నవాడే. వాడి బీరువాలో చొక్కాల వెనక ఒక సీసా కనిపించింది. ఇప్పుడు గుర్రం లేదు, నిగనిగలాడే నల్ల కాగితం. కళ్ళజోడు పెట్టుకుని వెనక్కి తిప్పాను. అయిదు పేర్లు, అయిదింటికీ కలిపి ఒకే తూకం. ఏది ఎంతో ఈ రోజుకీ రాయలేదు. నాకు ఒళ్ళు మండింది. వాణ్ణి పిలిచి కడిగేద్దామనుకున్నాను. వాడు గుమ్మంలోకి వచ్చి, నా చేతిలో సీసా చూసి, అచ్చం నాయనలాగే తల దించేసుకున్నాడు.

నేను కిటికీ వైపు తిరిగి, బయట ఆరేసిన బట్టలు చూస్తూ అడిగాను.

“ఒంట్లో ఎట్లుండాది నాయనా?”